యంత్రం లేకుండా ఇంట్లో ఎస్ప్రెస్సో లాంటి చిక్కటి కాఫీ చేయడం ఎలా? అనుభవజ్ఞులు చెప్పగలరు

కావలి వాసి (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. ఏడేళ్ళుగా బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, ఇంటి నుంచే పని చేసుకునే వీలు దొరకడంతో కావలికి వచ్చేసింది. మిగతా వాటన్నిటికీ సర్దుకుంది గానీ, అక్కడ ఉదయం పదకొండింటికి తాగే ఎస్ప్రెస్సోను, సాయంత్రం తాగే క్యాపుచినోను (ఎస్ప్రెస్సో మీద పాల నురుగు పోసి ఇచ్చే కాఫీ) మాత్రం మరిచిపోలేకపోతోంది. యంత్రం కొందామంటే రోజుకు రెండు కప్పుల కోసం అంత ఖర్చు నాకు సబబుగా తోచలేదు. పైగా మా వంటింటి గట్టు మీద మిక్సీ, గ్రైండరు, నీళ్ళ క్యాను పోగా మిగిలే చోటు జానెడు.

మా అమ్మ కాలం నాటి ఇత్తడి ఫిల్టరు, గ్యాస్ పొయ్యి, మిక్సీ, మూడు లీటర్ల కుక్కరు మా ఇంట్లో ఉన్నాయి. మొన్న ఇన్‌స్టంట్ కాఫీ పొడిలో చక్కెర, రెండు చెంచాల నీళ్ళు వేసి పది నిమిషాలు గిలకొట్టి, దాని మీద వేడి పాలు పోసి ఇచ్చాను. నురుగు తెల్లబడి చక్కగా పొంగింది. అమ్మాయి ఒక గుక్క తాగి, "నాన్నా, ఇది పెళ్ళిళ్ళలో ఇచ్చే కాఫీ, ఎస్ప్రెస్సో కాదు" అంది. ఈ రెంటికీ తేడా ఎక్కడుందో, యంత్రం లేకుండా అసలు దానికి ఎంత దగ్గరగా వెళ్ళగలమో తెలిసినవారు వివరిస్తే నేర్చుకోవాలని ఉంది.

పెన్నా తీరం

కావలి వాసి గారూ, మీ అమ్మాయి సరిగ్గా చెప్పింది. మన వైపు పెళ్ళి పందిళ్ళలో ఒక మూలన నిలువెత్తు యంత్రం పెట్టి, చుయ్యిమని ఆవిరి వదులుతూ, పైన చాక్లెట్ పొడి చల్లి ఇచ్చేదాన్నే మనమంతా "ఎక్స్‌ప్రెసో" అని పిలుచుకుంటూ పెరిగాం. అందులో ఆవిరి చేసే పని పాలను మరిగించి నురుగు తేవడమే. కాఫీ మాత్రం ఇన్‌స్టంట్ పొడే. అసలు ఎస్ప్రెస్సోలో పాలు ఉండవు. మెత్తగా విసిరిన 18 గ్రాముల పొడిని చిల్లుల గిన్నెలో గట్టిగా అదిమి, 90 నుంచి 96 డిగ్రీల వేడి ఉన్న నీటిని 9 బార్ల ఒత్తిడితో దాని గుండా పంపితే, 25 నుంచి 30 సెకన్లలో దాదాపు 36 గ్రాముల కాఫీ దిగుతుంది. అంటే పొడికి రెట్టింపు బరువు మాత్రమే.

9 బార్లంటే ఎంతో ఊహకు అందాలంటే ఈ చిన్న లెక్క చూడండి. దుకాణాల్లోని యంత్రాల్లో చిల్లుల గిన్నె వ్యాసం సాధారణంగా 58 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం 26 చదరపు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో బరువు. కాబట్టి ఆ చిన్న బిళ్ళంత పొడి మీద సుమారు 240 కిలోల బరువు పడుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు తొమ్మిదిన్నర ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అనుకోండి. మామూలు వంటింటి సామాను దేనితోనూ ఆ ఒత్తిడి రాదు. కాఫీ మీద తేనె రంగులో నిలిచే మీగడ లాంటి పొరను క్రేమా అంటారు. వేయించిన గింజల్లో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఆ ఒత్తిడికి నీటిలో కరిగి, కప్పులోకి రాగానే గింజలోని నూనెలతో కలిసి సన్నని బుడగలుగా విడివడితే ఆ పొర ఏర్పడుతుంది. మీరు గిలకొట్టి తెచ్చిన నురుగు గాలి బుడగల వల్ల వచ్చినది, కాబట్టి రెండూ ఒకటి కావు.

అయితే నిరాశ పడనక్కర లేదు. 1884లో టూరిన్ నగరంలో ఆంజెలో మోరియొండో ఆవిరి కాఫీ యంత్రానికి పేటెంటు పొందారు. 1901లో మిలాన్‌కు చెందిన లుయీజీ బెజ్జేరా ఒక్కో కప్పును అప్పటికప్పుడు దింపి ఇచ్చే యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. ఆ తరం యంత్రాలు కేవలం ఆవిరి బలంతో పనిచేసేవి కాబట్టి వాటి ఒత్తిడి ఒకటిన్నర బార్ల దరిదాపుల్లోనే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అకిల్లే గాజ్జా స్ప్రింగుతో కూడిన మీట యంత్రాన్ని తెచ్చిన తరువాతే 8, 9 బార్ల ఒత్తిడి, క్రేమా వచ్చాయి. అంటే అంతకు ముందు ఇటలీవాళ్ళు దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఎస్ప్రెస్సో అని తాగినది ఒకటిన్నర బార్ల కాఫీనే. ఆ కాఫీని మన గ్యాస్ పొయ్యి మీద నిక్షేపంగా చేసుకోవచ్చు.

డికాక్షన్ ప్రియుడు

నేను స్టోన్‌హౌస్‌పేటలో ఉంటాను. ఇంట్లో ఇత్తడి ఫిల్టరు పెట్టుకుని మరో పరికరం కోసం వెతకడం దేనికని నా ప్రశ్న. పాలు కలిపే కాఫీకి కావలసినది చిక్కదనం. మన ఫిల్టరు ఒత్తిడి లేకుండా, కేవలం ఓపికతో ఆ చిక్కదనాన్ని ఇస్తుంది.

చాలా ఇళ్ళలో డికాక్షన్ పలచబడటానికి కారణం నీళ్ళు ఎక్కువ పోయడమే. 25 గ్రాముల పొడికి 100 మిల్లీలీటర్లకు మించి పోయకండి. పొడిని పై గిన్నెలో సమంగా పరిచి, కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో పైపైన ఒత్తి, మొదట రెండు చెంచాల మరుగు నీటితో తడిపి అర నిమిషం ఆగండి. పొడి ఉబ్బి సర్దుకున్నాక మిగతా నీటిని అంచుల వెంట సన్నగా పోసి మూత పెట్టండి. అరగంటకు అడుగు గిన్నెలో దిగేది అరవై మిల్లీలీటర్లే గానీ, చెంచాతో తీస్తే చెంచాకు పట్టుకుంటుంది. నీరు గబగబా కారిపోతే పొడి గరుకుగా ఉన్నట్టు, గంటైనా దిగకపోతే మరీ మెత్తగా ఉన్నట్టు గుర్తు. రెండోసారి నీళ్ళు పోసి తీసే డికాక్షన్‌ను మీ అమ్మాయి కాఫీలో కలపకండి, అందులో చేదు తప్ప సారం ఉండదు.

ఒంగోలు గిత్త

డికాక్షన్ ప్రియుడు గారి మాటలో చాలా నిజం ఉంది. నేనూ ఇరవై ఏళ్ళు ఆ కాఫీనే తాగాను. అయినా ఎస్ప్రెస్సోకు అలవాటు పడిన నాలుక వెతికేది చిక్కదనాన్ని మాత్రమే కాదు. అరగంట సేపు నెమ్మదిగా దిగిన డికాక్షన్ రుచి మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. వేడి మీద, ఒత్తిడితో రెండు నిమిషాల్లో దిగిన కాఫీలో ఒక పదును, ఘాటైన సువాసన ఉంటాయి. అది కావాలంటే మోకా పాట్ వైపు చూడాలి. ఒంగోలులో నేను నాలుగేళ్ళుగా రోజూ వాడుతున్నది అదే.

1933లో ఇటలీలో ఆల్ఫోన్సో బియాలెట్టి తెచ్చిన అల్యూమినియం పాత్ర ఇది. అడుగున నీటి గది, మధ్యలో పొడి వేసే గరాటు, పైన కాఫీ చేరే గది ఉంటాయి. పొయ్యి మీద పెడితే అడుగు గదిలోని గాలి, ఆవిరి వ్యాకోచించి, నీటిని గరాటు గుండా పైకి నెడతాయి. ఒత్తిడి ఒకటి నుంచి రెండు బార్ల మధ్య ఉంటుంది, అంటే పెన్నా తీరం గారు చెప్పిన ఆ పాత యంత్రాల స్థాయే. ఇటలీలో ఇళ్ళలో తాగే కాఫీ ఎక్కువగా దీనితో చేసినదే.

మూడు కప్పుల పాత్రను ఎంచుకోండి. అవి వాళ్ళ చిన్న కప్పులు, మనకు ఒకరిద్దరికి సరిపోతాయి. నేను చేసే తీరు ఇది. నీటిని ముందే వేరే గిన్నెలో మరిగించి, అడుగు గదిలో భద్రతా కవాటానికి కొద్దిగా కిందివరకు పోస్తాను. చన్నీళ్ళు పోసి పొయ్యి మీద పెడితే, అవి కాగేలోపు పైనున్న పొడి మాడినట్టవుతుంది. గరాటులో 16 గ్రాముల పొడి నింపి, వేలితో పైన చదును చేసి, అంచు మీది రవ్వలను తుడిచేస్తాను. ఇక్కడ ఒక్క మాట మనసులో పెట్టుకోండి: పొడిని అదమకూడదు. యంత్రంలో అదుముతారు కదా అని ఇందులోనూ అదిమితే ఈ కొద్దిపాటి ఒత్తిడికి నీరు దారి దొరక్క, మధ్య కీలు దగ్గర నుంచి ఆవిరి చిమ్ముతుంది. అడుగు గది కాలుతూ ఉంటుంది కాబట్టి గుడ్డతో పట్టుకుని పై గదిని బిగించి, చిన్న పొయ్యి మీద సన్నని సెగకు పెట్టి, మూత తెరిచి ఉంచుతాను.

రెండు నిమిషాలు ఏమీ జరగదు. తరువాత మధ్య గొట్టం పైనుంచి చప్పుడు లేకుండా నల్లటి ధార మొదలవుతుంది. ముదురు పాకం లాగా గొట్టాన్ని అంటిపెట్టుకుని జారుతుంది, దాని అంచున చిన్న చిన్న ఎర్రటి బుడగలు కనిపిస్తాయి. గది సగం నిండేసరికి ధార బెల్లం రంగుకు, ఆపైన ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. ఆ రంగు కనిపించిన క్షణమే పొయ్యి మీద నుంచి దించి, అడుగు భాగాన్ని తడి గుడ్డ మీద పెట్టాలి. ఇంకా ఉంచితే గరగరమని ఆవిరి ఎగదన్నుతూ, ఆ పొడిలోని చేదునంతా పైకి తెస్తుంది. బాగోలేదని మోకా పాట్‌ను మూల పడేసిన వాళ్ళలో చాలామంది ఆ గరగర విన్నాక దించినవాళ్ళే.

మన పొయ్యి కడ్డీల మధ్య ఈ పాత్ర అడుగు నిలవదు, ఒరుగుతుంది. పాత్రల కొట్లో దొరికే తీగ స్టాండు గానీ, పల్చటి ఇనుప పెనం గానీ కింద పెట్టండి. ఇండక్షన్ పొయ్యి మీద అల్యూమినియం పాత్ర పనిచేయదు, దానికి స్టీలుది తీసుకోవాలి. కడిగేవారికి కూడా ఒక మాట చెప్పి ఉంచాలి. ఇత్తడి ఫిల్టరును చింతపండుతో తోమితే తళతళలాడుతుంది గానీ, అల్యూమినియం మోకాను అలా తోమితే పులుపుకు పైపొర పోతుంది. వేడి నీళ్ళతో కడిగి, మూడు భాగాలనూ విడదీసి ఆరబెడితే చాలు.

కావలి వాసి

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మోకా పాట్ తెప్పిస్తున్నాను. ఈలోగా ఒక సందేహం. కుక్కరు వెయిట్ తీసేసి ఆ గొట్టానికి రబ్బరు పైపు తగిలించి, ఆవిరిని పాలలోకి పంపి నురుగు తెస్తున్న వీడియోలు చూశాను. ఆ ఆవిరినే కాఫీ పొడి గుండా పంపితే ఎస్ప్రెస్సో రాదా?

పొదిలి మాస్టారు

కావలి వాసి గారూ, దయచేసి ఆ పని చేయకండి. నేను ముప్ఫై ఏళ్ళు బడిలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, కాబట్టి కారణం కూడా చెబుతాను.

వెయిట్ ఉన్నప్పుడు కుక్కరులో పెరిగే ఒత్తిడి బయటి గాలి కంటే ఒక బార్ మాత్రమే ఎక్కువ, లోపలి వేడి 120 డిగ్రీలు. వెయిట్ తీసేస్తే ఆ ఒత్తిడి కూడా నిలవదు. పోనీ ఆవిరితోనే 9 బార్లు తెద్దామంటే నీటిని దాదాపు 180 డిగ్రీల వరకు కాచాలి. ఏ ఇంటి పాత్రా దానికి తట్టుకోదు, ఒకవేళ తట్టుకున్నా ఆ వేడికి కాఫీ తాగలేనంత చేదెక్కుతుంది. అందుకే ఆ పనిని గాజ్జా మీటకు అప్పగించారు, తరువాతి వాళ్ళు విద్యుత్ పంపుకు అప్పగించారు. నీటి వేడిని, నీటి మీది ఒత్తిడిని వేరు చేయడంలోనే ఎస్ప్రెస్సో కిటుకంతా ఉంది.

ఇక ప్రమాదం మాట. మా తోడల్లుడు ఆ వీడియో చూసి పైపు తగిలించి, దాని కొసను పాల గిన్నెలో ముంచాడు. పొయ్యి ఆపగానే కుక్కరు చల్లబడి, లోపల ఒత్తిడి తగ్గి, పాలను పైపు గుండా వెనక్కి లాక్కుంది. పాలు గొట్టంలో గడ్డకట్టాయి. ఆ సంగతి గమనించక మళ్ళీ పొయ్యి వెలిగించాడు. భద్రతా ప్లగ్ కరిగి ఆవిరి కప్పుకు ఎగదన్నింది. ఆ సమయానికి మా మరదలు పక్క గదిలో ఉంది కాబట్టి సరిపోయింది, లేకుంటే మొహం కాలిపోయేది. కుక్కరు గొట్టానికి ఏదీ తగిలించకూడదు.

మరో ముఖ్యమైన విషయం నీరు. కప్పులో ఉండేది ఎక్కువగా నీరే అయినా దీని గురించి ఎవరూ రాయలేదు. మా వైపు బోరు నీరు ఉప్పగా, కఠినంగా ఉంటుంది. ఆ నీటితో చేస్తే కాఫీ చప్పబడుతుంది, మోకా లోపల తెల్లటి పెచ్చు కట్టి భద్రతా కవాటాన్ని కూడా మూసేస్తుంది. అలాగని క్యాను నీరు వాడితే, ఖనిజ లవణాలు దాదాపు లేకపోవడం వల్ల రుచి పల్చగా, పుల్లగా వస్తుంది. కాఫీకి లీటరుకు 150 మిల్లీగ్రాముల దరిదాపుల్లో లవణాలు ఉన్న నీరు బాగుంటుందని ఆ రంగంలోని వారు చెబుతారు. నా చేతి మీటరు మా కుళాయి నీటికి 280, క్యాను నీటికి 40 చూపింది. రెండూ సమానంగా కలిపితే 160 వచ్చింది, అప్పటి నుంచి అదే వాడుతున్నాను. కనిగిరి, పొదిలి ప్రాంతాల వాళ్ళు మాత్రం ఫ్లోరైడ్ ఉన్న బోరు నీటిని ఇలా కలపకండి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.

మైపాడు అల

నమస్కారం. నేను హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ ఏరోప్రెస్ వాడుతున్నాను. 2005లో అమెరికాకు చెందిన అలన్ ఆడ్లర్ తెచ్చిన ప్లాస్టిక్ గొట్టం ఇది, చూడటానికి పెద్ద సిరంజి లాగా ఉంటుంది. 18 గ్రాముల మెత్తటి పొడిలో 75 మిల్లీలీటర్ల వేడి నీళ్ళు పోసి, పది సెకన్లు కలియబెట్టి, ఒక నిమిషం ఆగి, అర నిమిషం పాటు నెమ్మదిగా కిందికి నొక్కితే చిక్కటి, శుభ్రమైన కాఫీ వస్తుంది. దీని వ్యాసం కూడా దాదాపు 6 సెంటీమీటర్లే కాబట్టి, పైన చెప్పిన లెక్క ప్రకారం 20 కిలోల బలంతో నొక్కినా ఒక బార్ కూడా రాదు. అయినా కాగితపు వడపోత వల్ల మడ్డి ఉండదు, చేదు తక్కువగా ఉంటుంది. పాలు లేకుండా తాగేవారికి మోకా కంటే ఇదే నచ్చుతుందని నా అభిప్రాయం.

క్యాపుచినో అడిగారు కాబట్టి పాల గురించి కూడా చెబుతాను. కుక్కరు అవసరమే లేదు, మజ్జిగ చిలికే చిన్న కవ్వం చాలు. పాలను పొంగనివ్వకండి. గిన్నె అంచు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనే వేడి దగ్గర, అంటే సుమారు 60 డిగ్రీల దగ్గర దించేయండి. 70 దాటితే పాలలోని మాంసకృత్తులు నురుగును నిలపలేవు, తీపి రుచి కూడా పోతుంది. ఎత్తైన, ఇరుకైన గిన్నెలో పాలు మూడో వంతు మాత్రమే పోసి, కవ్వాన్ని మొదట పైపైన, ఆపైన కాస్త లోతుగా ఆడిస్తే ఒక నిమిషంలో పాలు రెట్టింపవుతాయి. తరువాత గిన్నెను గట్టు మీద రెండుసార్లు తట్టి, గుండ్రంగా తిప్పితే పెద్ద బుడగలు పగిలిపోయి, కరిగిన ఐస్‌క్రీం లాంటి నురుగు మిగులుతుంది. మన గేదె పాలలో వెన్న 6 శాతం పైమాటే కాబట్టి నురుగు బరువుగా వస్తుంది. మీగడ తీసేసి వాడండి, లేదా 3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాలు వాడండి.

సింగరాయకొండ

ఈ చర్చలో ఇంతవరకు పొడి గురించి గట్టిగా ఎవరూ రాయలేదు. నా దృష్టిలో పరికరం కంటే పొడి ముఖ్యం. సరైన పొడి లేకుంటే మోకా పాట్ కొన్నా ప్రయోజనం ఉండదు.

మన దగ్గర "ఫిల్టర్ కాఫీ పొడి" పేరుతో అమ్మేది చాలావరకు చికోరి కలిసినదే. చికోరి ఒక మొక్క వేరు. దాన్ని ఎండబెట్టి, వేయించి, పొడి చేసి కలుపుతారు. అందులో కెఫీన్ ఉండదు. నీటిలో బాగా కరుగుతుంది కాబట్టి రంగును, చిక్కదనాన్ని ఇస్తుంది. కాఫీ, చికోరి మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలని మన దేశపు ఆహార నిబంధన. ఎంత శాతం కలిపారో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. నేను ఒక కొట్లో రెండేళ్ళు విడి పొడి కొన్నాను. "స్వచ్ఛమైన కాఫీయేనండీ" అన్న మాట నమ్మి మోకాలో వేస్తే, వడపోత జిగురు పట్టి రెండు సార్లు భద్రతా కవాటం తెరుచుకుంది. తరువాత ఒక గ్లాసు చల్లటి నీళ్ళలో అర చెంచా ఆ పొడి చల్లి చూశాను. కాఫీ చాలాసేపు పైనే తేలింది, చికోరి మాత్రం వెంటనే గోధుమ రంగు తీగలు వదులుతూ అడుగుకు దిగింది. సగానికి సగం దిగిపోయింది. ఈ పరీక్ష మీరు కూడా చేసుకోవచ్చు. పాలు కలిపిన డికాక్షన్‌కు చికోరి ఒక అందమే, దాన్ని నేను తప్పుపట్టను. మోకాకు, ఏరోప్రెస్‌కు మాత్రం చికోరి లేని పొడే వాడాలి.

గింజల్లో అరబికా, రోబస్టా అని రెండు రకాలు. అరబికాలో సువాసన, కాస్త పులుపు ఎక్కువ. రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు, చేదు, నిండుదనం ఎక్కువ. ఎస్ప్రెస్సో మిశ్రమాల్లో క్రేమా కోసం రోబస్టాను కొంత కలుపుతారు. మన దేశంలో పండేది ఎక్కువగా రోబస్టానే, మన కాఫీని ఎక్కువగా కొనే దేశం ఇటలీ. అంటే చిక్కమగళూరు, కొడగు తోటల గింజలే అక్కడికి వెళ్ళి ఎస్ప్రెస్సో అవుతున్నాయి. పాలతో తాగడానికి మూడు వంతుల అరబికాకు ఒక వంతు రోబస్టా కలిపిన గింజలు తీసుకోండి. పాలు లేకుండా తాగడానికి 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు అరబికా ఉత్తమం. వేయించిన తేదీ రాసి ఉన్న ప్యాకెట్టే కొనండి. వేయించిన వారం తరువాత మొదలుపెట్టి నెలలోపు వాడెయ్యాలి. రోహిణి కార్తె ఎండలకు, మన సముద్రపు గాలి తేమకు తెరిచిన పొడి వారంలోనే వాసన కోల్పోతుంది. పావు కిలో చొప్పున కొని, గాలి చొరని డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా పెట్టండి.

చివరిగా, మిక్సీ. మిక్సీ గింజలను విసరదు, నరుకుతుంది. సగం పిండి, సగం రవ్వ వస్తుంది. పిండి నుంచి చేదు, రవ్వ నుంచి పులుపు దిగి ఒకే కప్పులో చేరతాయి. చేత్తో తిప్పే చిన్న కాఫీ మర ఒకటి కొనుక్కోండి. లోపల తిరగలి లాగా రెండు రాపిడి చక్రాలు ఉండి, వాటి మధ్య ఎడాన్ని మార్చుకునే వీలుంటుంది. మోకాకు బొంబాయి రవ్వ కంటే బాగా సన్నగా, మైదా కంటే గరుకుగా ఉండాలి. వేళ్ళ మధ్య నలిపితే మెత్తటి ఉప్పులా తగలాలి. డబ్బు పెట్టేది ఒక్క వస్తువు మీదే అయితే, నా సలహా మోకా కంటే ముందు ఈ మర మీద పెట్టమనే.

కావలి వాసి

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. పది రోజులుగా రోజూ చేస్తున్నాను కాబట్టి జరిగినదంతా రాస్తాను. మోకా పాట్, చేతి మర రెండూ తెప్పించాను.

మొదటి రోజు ఒంగోలు గిత్త గారు వద్దన్న పనే చేశాను. పొడి పైకి తేలుతున్నట్టు అనిపించి చెంచా వీపుతో అదిమాను. ధార రాలేదు, మధ్య కీలు చుట్టూ సన్నగా ఆవిరి బుసకొట్టింది. భయపడి పొయ్యి ఆపేసి, చల్లారాక విప్పి చూస్తే రబ్బరు చుట్టు అంచున కాఫీ రవ్వలు ఉన్నాయి. వాటిని తుడిచి, అదమకుండా రెండో రోజు చేశాను. ఈసారి ధార వచ్చింది గానీ కాఫీ నోట్లో పెట్టలేనంత చేదుగా ఉంది. సెగ ఎక్కువైంది, దించడమూ ఆలస్యమైంది. మూడో రోజు మర రెండు గళ్ళు గరుకు చేసి, చన్నీళ్ళకు బదులు మరిగిన నీళ్ళు పోసి, బెల్లం రంగు దాటగానే దించాను. ఆ రోజు అమ్మాయి ఏమీ అనలేదు, కప్పు ఖాళీ చేసి రెండోది అడిగింది. నీళ్ళు మాత్రం మాస్టారు గారి పద్ధతిలో సగం కుళాయివి, సగం క్యానువి.

కవ్వంతో నురుగు ఇంకా సరిగ్గా కుదరడం లేదు, కొన్నిసార్లు పెద్ద బుడగలే మిగులుతున్నాయి. ఇంకొక సంగతి. మా ఆవిడకు ఆ మోకా కాఫీ ఘాటు నచ్చలేదు. ఆమె కోసం డికాక్షన్ ప్రియుడు గారు చెప్పిన కొలతతో, అంటే 25 గ్రాములకు 100 మిల్లీలీటర్లతో ఇత్తడి ఫిల్టరు వేస్తున్నాను. ఇన్నేళ్ళూ మేము దానిలో రెట్టింపు నీళ్ళు పోస్తున్నామని ఇప్పుడు తెలిసింది.

మైపాడు అల

సంతోషం, కావలి వాసి గారూ. పెద్ద బుడగలు మిగులుతున్నాయంటే కవ్వం మొదటి నుంచి చివరి దాకా పాల పైనే ఆడుతోందన్నమాట. మొదటి పదిహేను సెకన్లే పైన ఆడించి, తరువాత కవ్వం తల పూర్తిగా మునిగేలా ఉంచి తిప్పండి. పాలు ఫ్రిజ్ నుంచి తీసినవే కాచండి, ముందే ఒకసారి పొంగించి చల్లార్చినవి వాడకండి. అప్పటికీ కుదరకపోతే ఏ పాలు వాడుతున్నారో రాయండి, చూద్దాం.

కావలి వాసి

కారణం అదే అయి ఉంటుంది. మా ఇంట్లో పాలు రాగానే పొంగించడం అలవాటు. పాకెట్ పాలు కాబట్టి, రేపటి నుంచి అమ్మాయి కాఫీకి ఒక గ్లాసు పాలు పొంగించకుండా విడిగా తీసి ఫ్రిజ్‌లో పెట్టమని మా ఆవిడకు చెప్పాను.